రైతు బజారులో ముందు కుప్పను చూడండి, తర్వాత కాయను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడు నెలల కింద హైదరాబాద్ వచ్చారు. ఇంట్లో మీరిద్దరూ ఉద్యోగస్తులే, ఒక చిన్న పాప. పోయిన ఆదివారం పదకొండు గంటలకు రైతు బజారుకు వెళ్లి ఎనిమిది కిలోల కూరగాయలు, ఆరు కట్టల ఆకుకూరలు తెచ్చారు. బుధవారానికి సగం కుళ్లిపోయాయి. టమాటా ధర చూస్తే ఫోన్‌లో తెప్పించుకునే దానికంటే ఐదు రూపాయలు కూడా తక్కువ లేదు. "ఇంత దూరం పోయి సంచులు మోసుకోవడం దేనికి? అక్కడ అసలు రైతులుంటారా? ఏ కాలంలో ఏం కొనాలి?" అని అడిగారు.

నేను రైతు బజారు బల్లకు రెండు వైపులా నిలబడ్డవాణ్ని. మా ఊరు హైదరాబాద్ దగ్గర చేవెళ్ల పక్కన. 1999లో రైతు బజార్లు మొదలైనప్పుడు నేను ఇంటర్. మా నాయన టమాటా, బెండ, పాలకూర వేసేవాడు. సెలవు రోజుల్లో గంపలతో పాటు నన్ను కూడా తెల్లారకముందే బస్సు ఎక్కించేవాడు. ఇప్పుడు ఉద్యోగం, నగరం. ఇరవై ఏళ్లుగా సంచీ పట్టుకుని ఇటువైపు నిలబడుతున్నాను. అందుకే ఈ జవాబు కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ధర సంగతి. బజారు గేటు దగ్గర ఉండే బోర్డు మీద ధరలు ఎవరికి తోచినట్టు వాళ్లు రాసినవి కావు. ఆ రోజు టోకు మార్కెట్లో ఏ కూరగాయ ఎంత పలికిందో చూసి, బజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసరూ రైతుల తరఫు వాళ్లూ కూర్చుని, టోకు ధర కంటే కొంత ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే కొంత తక్కువ ఉండేలా పొద్దున్నే నిర్ణయిస్తారు. అంటే టోకు ధర లేస్తే బోర్డు ధర కూడా లేస్తుంది. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి ఎక్కడికో పోయింది, గుర్తుందా? అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టమాటా కొని రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు ఇప్పించింది. ప్రభుత్వం చెయ్యి వేస్తే తప్ప రైతు బజారులో కూడా ధర దిగలేదన్నమాట.

పైగా మీరు పోల్చింది టమాటాను. యాప్‌ల వాళ్లు మనుషులను లోపలికి లాగడానికి ధర తగ్గించి చూపేది టమాటా, ఉల్లి, ఆలుగడ్డ లాంటి వాటినే. ఈసారి బెండ, బీర, దొండ, తోటకూర ధరలు పోల్చి చూడండి. అప్పుడు తేడా తెలుస్తుంది. అయినా నన్నడిగితే వారానికి వంద రూపాయలు మిగులుతాయని రైతు బజారుకు పోవడం తప్పు లెక్క. పెట్రోలు, పార్కింగ్, ఆదివారం నిద్ర కలిపితే ఆ వంద ఎప్పుడో పోయింది. అక్కడికి పోయేది నిన్న సాయంత్రం కోసిన కాయ కోసం, యాప్‌లో అంత తేలిగ్గా దొరకని వాటి కోసం. చింతచిగురు, వాక్కాయ, గంగవాయలి కూర, పచ్చి కందికాయలు, బోడకాకర, వీటిలో చాలావి కొన్ని వారాలే కనిపించి మాయమవుతాయి. వాటిని పట్టుకోవడం తెలిస్తే రైతు బజారు మీ చేతికి చిక్కినట్టే.

ఇక రైతులుంటారా అన్నది. ఉంటారు, అందరూ కాదు. రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చేటప్పుడు అధికారులు భూమి, అందులో వేసిన పంట చూసి ఇవ్వాలి. కార్డు మీద ఫోటో, ఊరు ఉంటాయి. కానీ కొన్నవాళ్లెవరూ కార్డు అడగరు, మీరు కూడా అడగక్కర్లేదు. కుప్పను చూస్తే చాలు. మా నాయన ఏ రోజూ మూడు రకాలకు మించి తీసుకుపోలేదు, ఎందుకంటే ఎకరంన్నర తోటలో ఒక్క రోజు కోతకు వచ్చేవి అంతకంటే ఉండవు. బల్ల మీద పదిహేను రకాలు రంగు రంగుల్లో పేర్చి ఉంటే అది టోకు మార్కెట్లో కొని తెచ్చిన సరుకు. రెండు గంపల బెండ, నాలుగు కట్టల కొత్తిమీర, పక్కన ఓ డజను నిమ్మకాయలు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ ఉందే, ఆమె రైతు.

కుప్పలో కాయల సైజు కూడా చెబుతుంది. తోటలోంచి నేరుగా వచ్చిన కుప్పలో పెద్దవీ చిన్నవీ వంకరవీ కలిసే ఉంటాయి. గ్రేడింగ్ చేసి ఒకే సైజువి పేర్చారంటే మధ్యలో ఇంకో చెయ్యి పడినట్టు. ఇంకా అనుమానంగా ఉంటే రెండు ముక్కలు మాట్లాడండి. "పెద్దమ్మా, ఏ ఊరు? ఎప్పుడు కోసిన్రు?" అని అడగండి. రైతైతే ఊరి పేరు ఠక్కున చెప్పి, అడగకపోయినా వాన గురించో, కరెంటు గురించో నాలుగు మాటలు ఎక్కువే చెబుతుంది. వ్యాపారి అయితే "అంతా ఫ్రెష్షే సార్, ఎంత కావాలి?" అంటాడు.

వ్యాపారి దగ్గర కొనడం పాపమేమీ కాదు. నగరం తినే ఆలుగడ్డలో ఎక్కువ భాగం ఉత్తరాది నుంచి లారీల్లో వచ్చేదే. అల్లం, వెల్లుల్లి, వేసవిలో క్యారెట్ కూడా అంతే. వాటిని ఎక్కడ కొన్నా ఒకటే. మీ కష్టమంతా ఆకుకూరలు, బెండ, వంకాయ, బీర, చిక్కుడు లాంటి వాటి దగ్గర పెట్టండి. ఒక రోజు ముందూ వెనకా అయితే రుచి మారిపోయే కూరలు అవి.

మీరు పదకొండు గంటలకు వెళ్లడం దగ్గరే సగం దెబ్బ పడింది. రైతు తెల్లారేసరికి బజారులో ఉంటాడు. తొమ్మిదింటికల్లా మంచి సరుకు అమ్ముడుపోతుంది, ఆదివారమైతే ఇంకా ముందే. పదకొండుకు మిగిలేవి పది మంది చేతులతో నొక్కి వదిలేసిన కాయలు, ఎండకో వానకో వాడిన కట్టలు. వారంలో మధ్య రోజు, ఆఫీసుకు పోయే ముందు ఒక్క అరగంట దొరికితే అది ఆదివారం రెండు గంటలతో సమానం. లేదంటే సాయంత్రం బజారు మూసే ముందు వెళ్లండి. ఆ వేళ ఆకుకూరల ధర సగానికి దిగుతుంది. ఆ రాత్రే వండేటట్టయితే ఏ ఢోకా లేదు. మా నాయన చివరి బస్సు టైము చూసుకుంటూ పాలకూర కట్టలు రూపాయికి మూడు, తర్వాత నాలుగు, తర్వాత ఐదు అనేవాడు. ఆ అరగంట కోసమే కాచుకుని వచ్చేవాళ్లు కొందరు ఉండేవాళ్లు, మొహాలు కూడా గుర్తుండేవి. అప్పుడు వాళ్ల మీద కోపం వచ్చేది. ఇప్పుడు నేను కూడా అప్పుడప్పుడు ఆ వేళకే పోతుంటాను, ఏం చెప్పను.

కాయ ఏరుకోవడం గురించి చాలామంది ఇంటర్నెట్లో చూసి వచ్చి బెండకాయలన్నిటి తోకలూ టపటపా విరిచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. విరిగిన కాయను తర్వాత వచ్చినవాళ్లు కొనరు, రైతు సాయంత్రం దాన్ని మేకలకు వేసుకోవాలి. ఒక్క కాయ తీసుకుని అడిగి విరవండి. ఠప్‌మని విరిగితే ఆ కోత అంతా లేతదే, ఒకే రోజు ఒకే మడిలో కోసిన కాయలు కదా. సాగి వంగి విరగకపోతే పక్క బల్లకు పోండి. మిగతావి ఏరేటప్పుడు చూపుడు వేలంత పొడవున్నవి, పైన సన్నటి నూగు చేతికి తగిలేవి తీసుకోండి. నున్నగా, గట్టిగా, ఈనెలు లేచి ఉన్నవి ముదురు.

వంకాయకు ముచ్చికే మొహం. ముచ్చిక పచ్చగా ఉండి, దాని ముళ్లు వేలికి గుచ్చుకుంటే ఇంకా ప్రాణంతో ఉన్నట్టు. గోధుమ రంగుకు తిరిగి ముడుచుకుంటే కోసి మూడు రోజులైనట్టు. గుత్తి వంకాయకు మరీ చిన్నవి, కాల్చి పచ్చడి చేయడానికి పెద్దవి అని అందరికీ తెలిసిందే. పుచ్చు ఉందంటే మందు కొట్టలేదని కొందరు మురిసిపోతారు. అది నిజం కాదు. కాయతొలుచు పురుగు లోపలికి దూరాక పైన ఎంత మందు కొట్టినా దానికి తగలదు. మందు కొట్టిన వంకాయలోనూ పుచ్చు ఉంటుంది.

బీర, సొర, కీర కొన్నప్పుడు ఇంటికెళ్లాక తొడిమ వైపు చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఎంత డబ్బు పెట్టి కొన్నా పారేయండి. ఉప్పు రుద్ది, పిండి, చేదు తీసి వండే ప్రయత్నం చేయకండి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. దొండ లేతగా, గీతలు తెల్లగా ఉన్నవి చూసుకోండి, లోపల ఎర్రబడితే పులుపెక్కుతుంది. గోరుచిక్కుడు సన్నగా ఉండి, విరిస్తే పీచు రాకూడదు.

టమాటాలో రెండు జాతులు గుర్తుపెట్టుకుంటే చాలు. నాటు టమాటా గుండ్రంగా కాకుండా గాళ్లు పడి, తోలు పల్చగా, పుల్లగా ఉంటుంది. పప్పుకు, చారుకు, పచ్చడికి అదే. కోడిగుడ్డులా కోలగా, గట్టిగా ఉండేది హైబ్రిడ్. లారీ ప్రయాణానికి, ఫ్రిజ్‌కు పనికొస్తుంది, పులుపు తక్కువ. మీ పోయిన వారం సరుకులో చివరిదాకా మిగిలింది ఏదైనా ఉంటే అది హైబ్రిడ్ టమాటానే అయి ఉంటుంది.

కాలం సంగతి ఉగాది నుంచి చెప్పుకొస్తాను.

ఉగాదికి రెండు రోజుల ముందే మామిడికాయ, వేపపువ్వు కొనేయండి. పండగ ముందు రోజు సాయంత్రం వాటి ధరకు అర్థం ఉండదు. ఆ వారాల్లోనే చింతచిగురు దిగుతుంది. మొదట్లో వేలెడంత కూడా ఉండదు, ఎర్రగా, పల్చగా ఉంటుంది. ధర చూసి జంకకండి, పప్పులోకి వంద గ్రాములైతే ఎక్కువే. అది ముదిరి పచ్చబడి, ఈనె కట్టాక ధర దిగుతుంది కానీ అప్పటికి దానిలో చిగురు లేదు, ఆకే ఉంది. వేసవి పొడుగునా మునక్కాయ, సొర, బీర, దోస, దొండ దండిగా వస్తాయి, ఆకుకూరలు ఎండకు మాడిపోతాయి. ముంజలు కొనేటప్పుడు వేలితో నొక్కితే నీరు కదిలినట్టు మెత్తగా ఉండాలి. గట్టిపడ్డది పిల్లలకు కడుపునొప్పి తెస్తుంది.

మామిడిపండ్ల గురించి ఒక్కటే మాట. పైన ఒకే పసుపు రంగులో మెరుస్తూ, తొడిమ దగ్గర వాసనే లేకపోతే వదిలేయండి. కార్బైడ్ పెట్టి మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం, ఇథిలీన్ వాయువుతో మగ్గబెట్టడానికి అనుమతి ఉంది. ఈ రెండింటినీ కంటితో తేల్చలేం. అందుకే నేను పచ్చికాయలే కొని ఇంట్లో గడ్డిలో మగ్గబెట్టుకుంటాను, గడ్డి దొరకకపోతే బియ్యం డబ్బాలో.

వేసవిలోనే ఇంకో పని ఉంది, దీన్ని నగరంలో చాలామంది మర్చిపోయారు. ఏడాది సరుకు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త చింతపండు, కొత్త ఎండుమిర్చి వస్తాయి. కందిపప్పు కొత్తది జనవరి, ఫిబ్రవరిలో దిగుతుంది. మా వైపు తాండూరు కంది అంటే ప్రాణం, దానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉల్లిగడ్డ ఏప్రిల్, మే నెలల్లో కొంటే నాలుగైదు నెలలు నిలవ ఉంటుంది, ఎందుకంటే అది యాసంగి పంట, పొలంలోనే ఎండి గట్టిపడి వస్తుంది. వానకాలం పంట ఉల్లి మెడ దగ్గర తడిగా ఉంటుంది, నెల కూడా ఆగదు. అందుకే నేను మేలో ఒక ఇరవై కిలోలు కొని, పొట్టు గట్టిగా పట్టి ఉన్నవి ఏరి, గాలి తగిలే మూలలో పరిచేస్తాను. అక్టోబరులో ఉల్లి ధర గురించి వార్తల్లో గోల మొదలైనప్పుడు మా ఇంట్లో టెన్షన్ ఉండదు.

వానకాలమంటే అందరికీ పచ్చదనం గుర్తొస్తుంది కానీ కూరగాయలకు జూన్, జూలై లోటు నెలలు. మే ఎండకు టమాటాకు పూత రాలిపోతుంది, కాపు పడదు. కొత్త నారు కాతకు రావడానికి ఇంకా టైముంటుంది. అందుకే ఈ రెండు నెలల్లో ధర లేస్తుంది. అదే ఫిబ్రవరి, మార్చిలో చూడండి, కోత కూలి కూడా రాదని రైతు తోటలోకి పశువులను వదిలేసే రోజులుంటాయి. మా నాయన ఒక ఏడు అలాగే వదిలాడు. కాబట్టి టమాటా నిలవ పచ్చడి, ఎండు ముక్కలు, ఏం చేసుకున్నా మార్చిలో చేసుకోండి. జూలైలో చింతపండుతో, మామిడి ఒరుగులతో వండుకోండి. మన పెద్దవాళ్లు జూలైలో టమాటా పప్పు వండలేదు, వండాలని బాధా పడలేదు.

కానీ ఇదే కాలంలో అడవి మెట్టల నుంచి వచ్చేవి మొదలవుతాయి. బోడకాకర, ఆంధ్రా వైపు ఆకాకర అంటారు, మొదట్లో కిలో రెండొందలు దాటే ఉంటుంది. పావుకిలో చాలు. ఆకుపచ్చగా, ముళ్లు మెత్తగా ఉన్నవే ఏరండి, పసుపు తిరిగితే లోపల గింజ రాయి అవుతుంది. వాక్కాయలు జూలై, ఆగస్టుల్లో, పప్పులోకి, పులిహోరలోకి. మక్క కంకులు, పుంటికూర (గోంగూర), ఆ తర్వాత వినాయక చవితికి తుమ్మికూర. మా ఇళ్లలో ఆ రోజు తుమ్మికూర వండకపోతే పండగ కాదు. దసరా అటూ ఇటూ పచ్చి పల్లికాయ, సీతాఫలం. సీతాఫలానికి కళ్ల మధ్య గీతలు విచ్చుకుని తెల్లబడి ఉండాలి. కళ్లు ఇంకా దగ్గరగా ముడుచుకుని ఉన్న కాయ ఎన్ని రోజులు పెట్టినా నల్లబడుతుందే గానీ పండదు.

అసలు పండగ నవంబరు నుంచి. పగలు పొట్టివైతే తప్ప నాటు చిక్కుడుకు పూత రాదు. అందుకే దీపావళి దాటాక కానీ మంచి చిక్కుడు చూడలేరు. మెంతికూరకు ఆ చలిలో వచ్చే వాసన ఇంకే నెలలోనూ రాదు. కాలీఫ్లవర్ ముద్దలా గట్టిగా కట్టేది చలికే, వేసవిలో విడివిడిగా పూలలా అయిపోతుంది. మా చేవెళ్ల క్యారెట్, బీట్‌రూట్ వచ్చేది కూడా అప్పుడే. కార్తీకంలో ఉసిరి. డిసెంబరు, జనవరిల్లో అనపకాయలు, పచ్చి కందికాయలు, రేగుపండ్లు. కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి పాపకు పెట్టండి, ఒలుచుకుంటూ గంటసేపు మీ జోలికి రాదు.

అనపకాయ అన్నాను కాబట్టి ఓ మాట. మా వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి గింజల కాయ. మీరు గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లయితే ఆనపకాయ అంటే సొరకాయ. మా పక్కింటావిడది కాకినాడ, కొత్తలో "ఆనపకాయ తెచ్చిపెట్టండి" అని డబ్బులిస్తే నేను కిలో అనపకాయలు తెచ్చి ఇచ్చాను. ఆవిడ మర్యాదకు తీసుకుని, గింజలు ఒలిచి, ఏం చేయాలో తెలియక సాయంత్రం తిరిగి మా ఇంటికే పంపింది.

ధరల్లో క్యాలెండరు కూడా చూసుకోవాలి. శ్రావణం, కార్తీకం వచ్చాయంటే చాలా ఇళ్లలో మాంసం మానేస్తారు, కూరగాయలకు గిరాకీ పెరుగుతుంది. పెళ్లి ముహూర్తాలు దగ్గరగా పడిన వారం వంకాయ, బీన్స్, కొత్తిమీర ఎక్కడో ఉంటాయి. ఆ వారం పొట్ల లాంటివి కొనండి, పెళ్లి వంటలో వాటికి అంత చోటు లేదు.

బేరం ఆడాలా? బోర్డు ధర ఉన్నచోట నేను ఆడను. సరుకు రెండో రకమైతే మాత్రం "ఇది బోర్డు ధర సరుకు కాదు కదమ్మా" అంటే వాళ్లే తగ్గిస్తారు. తగ్గించమనడం కంటే కొసరు అడగడం మేలు. రెండు పచ్చిమిరపకాయలు, రెమ్మ కరివేపాకు, రైతు సంతోషంగా వేస్తాడు, అది అతనికి పెద్ద లెక్క కాదు, మనకు పది రూపాయల సరుకు. బోణీ వేళ కొసరు అడగకండి, ఇస్తారు గానీ మనసులో తిట్టుకుంటారు. చిల్లర, ఫోన్ పేమెంట్ రెండూ సిద్ధంగా ఉంచుకోండి.

తూకం మాత్రం చూడాల్సిందే. ఓ బజారులో నేను ఏడాది పాటు ఒకే బల్ల దగ్గర కొన్నాను, మనిషి మంచివాడని. ఒకసారి ఇంట్లో కొత్త కాటా కొన్న సరదాకు తూస్తే కిలోకు ఎనభై గ్రాములు తక్కువ. మర్నాడు అడిగితే కాటా పాడైందన్నాడు. ఏడాదిగా పాడైనా బాగు చేయించలేదన్నమాట. ఖాళీ పళ్లెం పెట్టినప్పుడు సున్నా చూపిస్తుందో లేదో చూడండి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో చూడండి. అనుమానమైతే ఒక కిలో ఉప్పు ప్యాకెట్ ఎప్పుడూ సంచీలో ఉంటే చాలు, తూచి చూపమనండి. నేను ఇప్పటికీ అలా తీసుకుపోతాను, మా ఆవిడ నవ్వుతుంది.

"ఆర్గానిక్" అని అట్టముక్క మీద రాసి పెట్టిన బల్లల గురించి కూడా అడిగారు. ప్యాకెట్ మీద ప్రభుత్వం గుర్తించిన ఆర్గానిక్ ముద్ర ఉంటే దాని వెనక ఒక తనిఖీ పద్ధతి ఉంది. అట్టముక్క వెనక ఆ మనిషి మాట తప్ప ఏమీ లేదు. ఆ మాట నమ్మాలా వద్దా అన్నది పరిచయాన్ని బట్టి. నాకైతే అట్ట పెట్టినవాడి కంటే, అడిగితే "వంకాయకు కొట్టినం సార్, తోటకూరకు ఏం కొట్టలే" అని ఉన్నదున్నట్టు చెప్పే పెద్దాయన మీద గురి ఎక్కువ. ఎవరి దగ్గర కొన్నా ఆకులు విడదీసి రెండు మూడు నీళ్లతో కడగండి.

ఇప్పుడు మీ కుళ్లిన సరుకు సంగతి. వానకు తడిసిన ఆకుకూరను కట్టతోనే ప్లాస్టిక్ కవర్లో ఫ్రిజ్‌లో పెట్టి ఉంటారు. లోపలి ఆకులకు గాలి లేదు, నీళ్లు మాత్రం ఉన్నాయి. రెండో రోజుకే జిగురు. ఇంటికి రాగానే రబ్బరు, దారం తెంపేయండి. పాత పంచె మీద పరిచి ఫ్యాన్ కింద అరగంట ఆరనివ్వండి. పసుపు ఆకులు ఏరేసి, కడగకుండా, పొడి గుడ్డలో చుట్టి పెట్టండి. బెండకాయ తడి తగిలితే నల్లబడుతుంది, దాన్ని కూడా తుడిచి గుడ్డ సంచీలో వేయండి. టమాటా పండే దాకా బయటే ఉంచండి.

ఏది ముందు వండాలో కూడా కొన్నప్పుడే అనుకోవాలి. ఆకుకూరలు మొదటి రెండు రోజులు. ఆ తర్వాత బెండ, బీర, చిక్కుడు. నాలుగో రోజుకు వంకాయ, దొండ, కాకర. వారం చివరికి దోస, క్యాబేజీ, కంద, చేమదుంప, గుమ్మడి. ఈ చివరి వాటిలో రెండు ఇంట్లో ఉంటే బజారుకు పోవడం ఒకరోజు ఆలస్యమైనా పస్తుండరు. మీ ముగ్గురికి ఎనిమిది కిలోలు ఎక్కువ. రెండు కట్టల ఆకుకూర, నాలుగు రకాల కూరగాయలు అరకిలో చొప్పున, ఒక దోసకాయ, కిలో టమాటా, ఇంతే. చిన్న సంచీ తీసుకుపోతే అదే ఆపుతుంది.

ఏం వండాలో ఇంట్లో రాసుకుని లిస్టు పట్టుకుపోకండి. లిస్టులో బీన్స్ ఉంటే ధర రెండింతలైనా బీన్సే కొంటాం. ముందు సంచీ విప్పకుండా బజారంతా ఒక చుట్టు తిరగండి. ఆరేడు బల్లల మీద ఒకే కాయ కుప్పలుగా ఉంటే దాని కాపు ముమ్మరంగా ఉన్నట్టు. ఆ రోజు రుచికీ ధరకూ అదే మంచిది. రెండో చుట్టులో కొనండి.

ఈ ఆదివారం ఆషాఢం కదా, ఏడున్నరకల్లా వెళ్లండి. లోపలి బల్లల దగ్గర ఆగకుండా ముందు గోడ వారగా నేల మీద గోనె పరుచుకుని కూర్చునేవాళ్ల వైపు నడవండి. బోడకాకర వచ్చిందేమో చూడండి, పావుకిలో. మునగాకు ఉంటుంది, ఆషాఢంలో తినాలంటారు, ఒక కట్ట పప్పులోకి. పుంటికూర ఎర్ర కాడది ఒక కట్ట, పులుపు అందులోనే ఎక్కువ, టమాటా లేని లోటు అది తీరుస్తుంది. సొరకాయ లేతది ఒకటి. టమాటా అరకిలో, నాటుది, చారుకు మాత్రమే. చింతచిగురు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే అడిగి చూడండి గానీ, ఇప్పటికి ముదిరిపోయి ఉంటుంది. చిటికెడు నోట్లో వేసుకుని, పీచు తగిలితే వదిలేసి రండి.